టెక్సాస్ పెరట్లో ఎల్బోబుష్ పెంచడం ఎలా

డాలస్, ఆస్టిన్ వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో కరివేపాకు, మల్లె, మునగ లేని పెరడు అరుదు. అవన్నీ కుండీల్లో ఉంటాయి, చలి మొదలవగానే గరాజ్‌లోకి వెళ్తాయి. నేలలో మాత్రం బిల్డర్ నాటించి వెళ్లిన పొదలే మిగులుతాయి. వాటిని ఎవరూ కోరి ఎంచుకోలేదు, అయినా ఏళ్ల తరబడి నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ చోటికి ఎల్బోబుష్ అనే స్థానిక పొదను తెచ్చుకోండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎల్బోబుష్ ఫారెస్టీరా అనే ప్రజాతికి చెందిన మొక్క. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల దాకా ఈ ప్రజాతి జాతులు పెరుగుతాయి. కుటుంబం ఆలివ్‌ది. మన మల్లె, జాజి, పారిజాతం కూడా ఆ కుటుంబంలోవే. అలాగని దీని పువ్వులో మల్లెను వెతకొద్దు. ఎల్బోబుష్ పువ్వుకు రేకులే ఉండవు. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో, ఇంకా ఒక్క ఆకు కూడా రాకముందే, ఎండు కొమ్మల మీద పసుపు రంగు కేసరాల గుత్తులు విచ్చుకుంటాయి. ఆ రోజుల్లో తేనెటీగలకు చుట్టుపక్కల తినడానికి దాదాపు ఏమీ దొరకదు. ఎండ కాసిన మధ్యాహ్నం పూసిన పొద దగ్గర నిలబడితే ఈగల రొద వినిపిస్తుంది. దీన్ని పెంచడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

పొద సాధారణంగా 5 నుంచి 10 అడుగుల ఎత్తు పెరుగుతుంది. పక్క కొమ్మలు కాండం నుంచి దాదాపు లంబకోణంలో, మోచేయి మడిచినట్టు వస్తాయి. ఆ పేరు అందుకే వచ్చింది. చలికాలంలో ఆకు రాలుస్తుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. ఆ వారంలో ఎన్నో వీధుల్లో ఇండియన్ హాథార్న్, పిటోస్పోరమ్ పొదలు వరసలు వరసలుగా చచ్చిపోయాయి. ఎల్బోబుష్ ఇక్కడితో పాటు ఇంకా ఉత్తరాన ఓక్లహామాలో కూడా సహజంగా పెరిగేదే, అలాంటి చలి దానికి కొత్త కాదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫారెస్టీరాలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. తాటి చెట్లలో పోతు తాడు, పెంటి తాడు ఉన్నట్టే. ఒకే మొక్క తెచ్చి నాటితే పువ్వు వస్తుంది కానీ, చుట్టుపక్కల జోడు లేకపోతే కాయ రాదు. కింద చెప్పే పనుల్లో చాలావాటి వెనక ఈ సంగతే ఉంది.

1. మీ ఊరికి ఏ జాతి సరిపోతుందో చూసుకోండి

డాలస్, ఫోర్ట్ వర్త్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో ప్రాంతాలకు ఎల్బోబుష్. నర్సరీ చీటీ మీద శాస్త్రీయ నామం ఫారెస్టీరా ప్యూబెసెన్స్ అని ఉండాలి. స్ప్రింగ్ హెరాల్డ్, డెజర్ట్ ఆలివ్ అనే పేర్లతో కూడా అమ్ముతారు.

పొద కాకుండా చిన్న చెట్టు కావాలనుకుంటే న్యూ మెక్సికో ప్రివెట్ చూడండి. దాన్ని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు ఎల్బోబుష్‌లోనే ఒక రకంగా లెక్కిస్తారు, కొందరు ఫారెస్టీరా నియోమెక్సికానా అని విడిగా చూస్తారు. 10 నుంచి 15 అడుగుల దాకా వెళ్తుంది. బెరడు తెల్లటి బూడిద రంగు, శరదృతువులో ఆకు పసుపుగా మారుతుంది. అల్బుకర్కీ, శాంటా ఫే, డెన్వర్ వైపు ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు, ఆ ఎత్తు ప్రాంతాల చలిని బాగా తట్టుకుంటుంది.

దక్షిణ టెక్సాస్‌లో, రియో గ్రాండే వైపు, సన్న ఆకుల ఫారెస్టీరా ఆంగుస్టిఫోలియా ఉంది. ఫ్లోరిడా తీరంలో ఉంటే ఫ్లోరిడా ప్రివెట్ అనే ఫారెస్టీరా సెగ్రెగేటా తెచ్చుకోండి. ఉప్పుగాలికి తట్టుకుంటుంది, దగ్గరగా కత్తిరించినా ఊరుకుంటుంది, అందుకే అక్కడ కంచెగా వాడతారు. ఇల్లు ఏరు పక్కనో, వానాకాలం నీళ్లు నిలిచే పల్లంలోనో ఉంటే స్వాంప్ ప్రివెట్ అనే ఫారెస్టీరా అక్యుమినాటా సరైనది. మిసిసిపీ నది పరీవాహకంలో వరద నీళ్లలో మునిగి తేలే చోట్ల అది పెరుగుతుంది. నీళ్లలో రాలిన దాని పండ్లను చానల్ క్యాట్‌ఫిష్ చేపలు తిని, గింజలను వేరే చోటికి మోసుకెళ్తాయి. చేపలు విత్తనం చల్లే పొద ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు, కానీ దాన్ని పరిశోధకులు నమోదు చేశారు.

ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఎల్బోబుష్ గురించే, టెక్సాస్ లెక్కలోనే. మిగతా జాతులకు నీళ్ల పద్ధతి మారుతుంది.

2. హెచ్‌ఓఏకి ముందే చెప్పండి

హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉన్న కాలనీల్లో ముందుగా చేయాల్సిన పని ఇదే. ఇంటి ముందు భాగంలో పొదలు తీసి కొత్తవి పెట్టాలంటే చాలా చోట్ల అనుమతి కావాలి. చలికాలంలో ఆకు రాల్చే పొద అంటే కమిటీ వాళ్లు మొహం చిట్లించే అవకాశం ఉంది. టెన్షన్ పడకండి. నీళ్లు తక్కువ తాగే మొక్కల తోటను హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించకూడదని టెక్సాస్ శాసనసభ 2013లో చట్టం చేసింది. అది ప్రాపర్టీ కోడ్‌లో 202.007 సెక్షన్. వాళ్లు ప్లాన్ అడగొచ్చు, చూడటానికి పొందికగా ఉండాలని చెప్పొచ్చు, సరైన కారణం లేకుండా కాదనకూడదు.

దరఖాస్తుతో పాటు ఒక కాగితం మీద పెరటి బొమ్మ గీసి, ఏ మొక్క ఎక్కడ, ఎంత ఎత్తు పెరుగుతుంది, మొదటి రెండేళ్ల తర్వాత నీళ్లు ఎంత తక్కువ అవసరమో రాసి ఇవ్వండి. ముందు వరసలో ఏడాదంతా పచ్చగా ఉండే చిన్న మొక్క ఏదైనా చూపించి, ఎల్బోబుష్‌ను దాని వెనక పెట్టండి. అలా చూపిస్తే ఒప్పుకోవడం వాళ్లకీ తేలిక.

నా సలహా మాత్రం, మొదటిసారి అయితే వెనక పెరట్లో కంచె పక్కన మొదలుపెట్టండి. అది పెరిగే తీరు ఒక ఏడాది చూశాక ముందుకు తేవచ్చు.

3. పాత లిగస్ట్రమ్ ఉంటే తీసేయండి

బిల్డర్లు నాటే పొదల్లో లిగస్ట్రమ్ చాలా ఎక్కువ. నిగనిగలాడే మందపాటి ఆకులు, మేలో ఘాటు వాసన వచ్చే తెల్ల పూలగుత్తులు, తర్వాత నల్లని కాయలు. ఇదీ ఆలివ్ కుటుంబమే, కానీ చైనా, జపాన్ ప్రాంతాల నుంచి తెచ్చింది. పక్షులు దాని గింజలను వాగుల పక్కకు తీసుకెళ్లి పడేస్తాయి. అక్కడ అది గుబురుగా అల్లుకుని, కింద ఇంకే మొక్కా మొలవనివ్వదు. ఆస్టిన్ వాగుల వెంట నడిచేవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. దాని కాయలు మనుషులకు విషం కూడా. పిల్లలున్న ఇంట్లో అది ఉండకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

తీసే పని సెప్టెంబరు తర్వాత పెట్టుకోండి. వసంతం నుంచి వేసవి చివరి దాకా పొదల్లో గూళ్లు ఉంటాయి. గుడ్లో పిల్లలో ఉన్న గూడును పాడుచేయడం 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది మనం చేయదగ్గ పని కాదు.

చిన్న మొక్కలను వాన పడిన మర్నాడు వేళ్లతో సహా లాగేయొచ్చు. పెద్దవాటిని నేల మట్టానికి కోస్తే సరిపోదు, మొదలు నుంచి మళ్లీ చిగుళ్లు వేస్తుంది. అయితే మొద్దును పూర్తిగా తవ్వి తీయాలి, లేదా కోసిన వెంటనే, ఆ తడి ఆరకముందే, కోసిన చోట కలుపుమందును బ్రష్‌తో పూయాలి. డబ్బా మీద స్టంప్ కిల్లర్ అని ఉన్న మందు తీసుకోండి. చల్లడం వద్దు. చల్లితే పక్క మొక్కలకూ తగులుతుంది.

4. మొక్కలు కొనడం

పెద్ద పెద్ద దుకాణాల గార్డెన్ విభాగాల్లో ఇది దొరకడం కష్టం. స్థానిక మొక్కలు అమ్మే నర్సరీలకు వెళ్లండి. నేటివ్ ప్లాంట్ సొసైటీ ఆఫ్ టెక్సాస్ శాఖలు వసంతంలోనూ, శరదృతువులోనూ మొక్కల అమ్మకాలు పెడుతుంటాయి. ఆస్టిన్‌లో లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ ఉంది. అమెరికా అధ్యక్షుడి భార్యగా ఉన్న లేడీ బర్డ్ జాన్సన్, నటి హెలెన్ హేస్ కలిసి 1982లో మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్ల వెబ్‌సైట్‌లో మొక్క పేరు కొడితే ఫొటోలు, ఏ నేలలో పెరుగుతుంది అన్నీ వస్తాయి. ఫిబ్రవరిలో ఒకసారి అక్కడికి వెళ్లి స్థానిక పొదలు చూసి రండి. కొనేముందు పెద్ద పొదను కళ్లతో చూడటం చాలా ఉపయోగపడుతుంది. పార్కుల్లోనో రోడ్డు పక్కనో కనిపించింది కదా అని తవ్వి తీసుకురావద్దు. స్టేట్ పార్కుల్లో మొక్కలు తీయడం నిషేధం. అదీ కాక అడవిలో తవ్విన పొద సాధారణంగా బతకదు.

పేరు విషయంలో జాగ్రత్త. న్యూ మెక్సికో ప్రివెట్, ఫ్లోరిడా ప్రివెట్, స్వాంప్ ప్రివెట్ ఇవన్నీ ఫారెస్టీరాలు. జపనీస్ ప్రివెట్, చైనీస్ ప్రివెట్, గ్లాసీ ప్రివెట్ మాత్రం లిగస్ట్రమ్‌లు. ప్రివెట్ అన్న మాట ఒక్కటే చూసి కొంటే, పైన తీసేయమన్నదాన్నే మళ్లీ ఇంటికి తెచ్చుకుంటారు. చీటీ మీద శాస్త్రీయ నామం చదవండి.

ఇప్పుడు ఆడ, మగ సంగతి. చాలా నర్సరీల్లో మొక్క మీద అది రాసి ఉండదు, ఎందుకంటే గింజ నుంచి వచ్చిన మొక్క పూసేదాకా ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి.

ఫిబ్రవరిలో పూత మీద ఉన్నప్పుడు వెళ్లి చూసి కొనడం మొదటిది. మగ పువ్వుల గుత్తి పసుపు రంగులో, దూరం నుంచే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే కేసరాలు బయటకు పొడుచుకొచ్చి, వేలు తగిలిస్తే పుప్పొడి అంటుకుంటుంది. ఆడ పువ్వు చిన్నది, లేత ఆకుపచ్చ. మధ్యలో మెడ సన్నగా ఉన్న బుడ్డి ఆకారంలో అండాశయం ఒక్కటే కనిపిస్తుంది, పసుపు పొడి ఉండదు. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే తేడా తేలిగ్గా తెలిసిపోతుంది. వేసవిలో అయితే ఇంకా సులువు: కాయ ఉంటే అది ఆడదే.

రెండో దారి ఎక్కువ మొక్కలు కొనడం. ఆడ, మగ సమానంగా వస్తాయనుకుంటే, 3 మొక్కలు కొన్నప్పుడు మూడూ ఒకే రకం అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. 5 కొంటే అది పదహారింట ఒకటికి తగ్గుతుంది. కంచె వెంట వరసగా పెట్టాలనుకునేవాళ్లకు ఎలాగూ 5 కావాలి, కాబట్టి చిన్న కుండీల్లో ఉన్న 5 మొక్కలు కొనమంటాను. ఒక గ్యాలన్ కుండీలో ఉన్న చిన్న మొక్క పెద్ద కుండీ మొక్క కంటే త్వరగా వేరు పట్టుకుంటుంది, డబ్బూ తక్కువ. ఒక పెద్ద మొక్క మీద పెట్టే డబ్బును ఐదు చిన్నవాటి మీద పెట్టడం ఈ పొద విషయంలో అన్ని విధాలా మేలు.

మగ మొక్క ఒకటి ఉంటే పెరట్లో ఉన్న నాలుగైదు ఆడ మొక్కలకు సరిపోతుంది.

5. చోటు చూసి, గుంత తవ్వి, నాటడం

నాటడానికి అక్టోబరు, నవంబరు నెలలు అన్నిటికంటే మంచివి. మొక్క పైకి పెరగడం ఆపేసినా మన శీతాకాలంలో నేల వెచ్చగానే ఉంటుంది, వేరు పారుతూనే ఉంటుంది. జులై ఎండ వచ్చేసరికి మొక్క సిద్ధంగా ఉంటుంది. ఫిబ్రవరిలో కూడా నాటవచ్చు. మే తర్వాత కొన్న మొక్కను నీడలో కుండీలోనే ఉంచి అక్టోబరు దాకా ఆగండి.

కనీసం సగం రోజు ఎండ తగలాలి. పూర్తి ఎండ ఉంటే పూత, కాయ ఎక్కువ. పెద్ద ఓక్ చెట్టు అంచున కూడా బాగానే పెరుగుతుంది, కాకపోతే కొంచెం సాగినట్టు ఉంటుంది. కంచెకు 4 అడుగులు, ఇంటి గోడకు 6 అడుగులు దూరం వదలండి. పొదకూ పొదకూ మధ్య 5, 6 అడుగులు ఉంటే కొన్నేళ్లలో కలిసిపోయి తెరలా నిలబడతాయి. ఎవరికైనా పుప్పొడి అలర్జీ ఉంటే మగ మొక్కను పడకగది కిటికీకి దూరంగా పెట్టండి. ఆలివ్ కుటుంబం పుప్పొడి కొందరికి పడదు. అయితే ఆస్టిన్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జనాన్ని ఏడిపించే సెడార్ ఫీవర్ అనే పుప్పొడి అలర్జీ మాత్రం జునిపర్ చెట్ల వల్ల వచ్చేది, ఈ పొద వల్ల కాదు.

గడ్డపార పట్టే ముందు 811కి ఫోన్ చేయండి. ఇది ఉచితం. కనీసం రెండు పనిదినాల ముందు చెప్తే, వాళ్లు వచ్చి నేలలో ఉన్న తీగలు, పైపుల మీద రంగు గుర్తులు వేసి వెళ్తారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ ఇంటర్నెట్ లేదా ఫోన్, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగునీటి పైపు. చిన్న గుంతే కదా అనుకోవద్దు. గ్యాస్ పైపు చాలా ఇళ్లలో పైపైనే ఉంటుంది.

మట్టి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. డాలస్, ప్లేనో, ఫ్రిస్కో ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ నల్లరేగడి తరగతికే చెందుతుంది. శాస్త్రవేత్తలు రెండింటినీ వెర్టిసాల్స్ అనే అంటారు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. పత్తి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ నేల స్వభావం వేరే చెప్పక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు తవ్వితే ముద్దలై పోతుంది, బాగా ఎండితే గడ్డపార దిగదు. వాన పడిన మూడు నాలుగు రోజులకు, చేతిలో నలిపితే పొడి అయ్యే పదును మీద ఉన్నప్పుడు తవ్వండి. ఆస్టిన్‌కు పడమట అయితే కథ వేరు: పైన కొద్దిపాటి మట్టి, కింద సున్నపురాయి. అక్కడ ఎల్బోబుష్ ఇంకా హాయిగా ఉంటుంది, అసలు అది దాని సొంత చోటు. కాకపోతే తవ్వడానికి బరువైన గునపం కావాలి.

గుంత కుండీ కంటే రెండు మూడు రెట్లు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం కుండీ అంతే. లోతుగా తవ్వి మట్టి వదులు చేస్తే మొక్క తర్వాత కిందికి కుంగుతుంది, మొదలు దగ్గర నీళ్లు నిలిచి కుళ్లుతుంది. నల్లమట్టిలో ముందు గుంత నిండా నీళ్లు పోసి వదిలేయండి. మర్నాటికి నీళ్లు ఇంకకపోతే ఆ చోట గుంతలో నాటొద్దు. మట్టి తెచ్చి 8 అంగుళాల ఎత్తు వెడల్పాటి దిబ్బ కట్టి దాని మీద నాటండి.

కుండీ నుంచి తీశాక వేర్లు చూడండి. గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేళ్లతో విడదీయండి, మరీ బిగుసుకుంటే కత్తితో నాలుగు వైపులా నిలువుగా గీయండి. ఆ చుట్టు అలాగే వదిలేస్తే వేరు బయటి మట్టిలోకి పోదు.

గుంతలోంచి తీసిన మట్టినే తిరిగి నింపండి. ఇక్కడ చాలామంది పశువుల ఎరువు, కంపోస్టు కలుపుతారు. కూరగాయల మడికి అది మంచిదే, ఈ పొదకు వద్దు. చుట్టూ బంకమట్టి, మధ్యలో మెత్తటి కంపోస్టు ఉంటే నీళ్లన్నీ గుంతలోకే చేరి నిలుస్తాయి. యూరియా, ఇంకే ఎరువూ కూడా అక్కర్లేదు. కుండీలో మట్టి ఎంతవరకు ఉందో నేల మట్టం కూడా అక్కడికే రావాలి, లేదా మొక్క ఒక అంగుళం పైకే ఉండాలి.

6. నీళ్లు, గరిక

నాటిన రోజు నీళ్లు నిదానంగా, మట్టి సర్దుకునేదాకా పోయండి. మొదటి నెల వారానికి రెండుసార్లు మొక్కకు రెండు మూడు గ్యాలన్లు. ఆ తర్వాత మొదటి వేసవి అంతా వారానికి ఒకసారి. రెండో వేసవి పదిహేను రోజులకు ఒకసారి. మూడో ఏడాది నుంచి వానే చాలు, నెలన్నర రెండు నెలలు చినుకు లేకపోతే మాత్రం ఒకసారి బాగా తడపండి. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. పోసే ముందు పొడవాటి స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చి చూడండి. మూడు అంగుళాలు సులువుగా దిగి తడి అంటితే ఆ రోజు పోయొద్దు. నల్లమట్టిలో మొక్కలు ఎండి చచ్చేవాటి కంటే నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ.

లాన్ స్ప్రింక్లర్ తగిలే చోట ఈ పొద పెట్టకండి. పైపుతోనో డ్రిప్‌తోనో విడిగా ఇవ్వండి. డాలస్‌లో స్ప్రింక్లర్‌కు వారానికి రెండు రోజుల పరిమితి ఉంది, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగలు 10 నుంచి సాయంత్రం 6 వరకు తిప్పకూడదు. చేత్తో పోయడానికి, డ్రిప్‌కు ఆ అడ్డు లేదు.

ఇక గడ్డి. ఇక్కడి పెరళ్లలో వేసే బెర్ముడా గడ్డి అంటే మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టుకునే గరిక. మొండిది. చిన్న మొక్క దగ్గరకు వచ్చిందంటే నీళ్లన్నీ అదే తాగేస్తుంది. నాటే చోట చుట్టూ మూడు అడుగుల మేర గరికను వేర్లతో తీసేసి, అట్టపెట్టెలు విప్పి పరిచి, వాటి మీద చెక్కపొట్టు మూడు అంగుళాల మందాన వేయండి. చెక్కపొట్టు కాండానికి ఆనకూడదు, చుట్టూ అరచేయి వెడల్పు ఖాళీ వదలండి. మొదటి రెండేళ్లు నెలకోసారి అంచు వెంట పాకి వచ్చే గరికను తెంపుతూ ఉండాలి. ఈ మొత్తం వ్యవహారంలో విసుగు పుట్టించే పని ఇదొక్కటే, కానీ దీన్ని వదిలేస్తే మొక్క రెండేళ్లయినా జానెడు పెరగదు.

లాన్ చూసే మనిషి వస్తుంటే అతనికి స్పష్టంగా చెప్పండి: ఎరువూ కలుపుమందూ కలిసిన వీడ్ అండ్ ఫీడ్ ఈ పొదల దగ్గర చల్లొద్దని. వెడల్పు ఆకుల కలుపును చంపే మందు పొదలనూ దెబ్బతీస్తుంది.

జింకలు తిరిగే చోట ఉంటే మొదటి రెండు మూడేళ్లు నాలుగు అడుగుల ఎత్తు తీగ వలతో గుండ్రంగా కంచె కట్టండి. జింకలకు లేత కొమ్మలంటే ఇష్టం. చిన్న మొక్కను కుందేళ్లు కూడా కొరికేస్తాయి.

7. కత్తిరించడం

మొదటి రెండేళ్లు కత్తెర పట్టొద్దు.

తర్వాత కూడా, చతురస్రంగా పెట్టెలా కత్తిరించాలనే కోరికను ఆపుకోండి. ఎల్బోబుష్ అందం దాని వంకర కొమ్మల్లోనే ఉంది. పైగా పువ్వు పూసేది కిందటేడు వచ్చిన కొమ్మల మీద. శరదృతువులోనో జనవరిలోనో చివర్లు కత్తిరిస్తే ఫిబ్రవరి పూతను కోసి పారేసినట్టే. మగ పొదలను పూత అయిపోగానే మార్చిలో, ఆడ పొదలను కాయలు పక్షులు తినేశాక కత్తిరించండి. పొద పాతబడి గుబురైతే, అన్నిటికంటే ముదిరిన కాండాలను మూడో వంతు మాత్రం నేల మట్టానికి కోయండి. మరుసటేడు ఇంకో మూడో వంతు. అలా మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది.

న్యూ మెక్సికో ప్రివెట్‌ను చెట్టులా చేయాలంటే నాటిన మూడో ఏడు నుంచి మొదలుపెట్టి, బలమైన మూడు నుంచి ఐదు కాండాలు ఉంచి మిగతావి తీసేయాలి. ఉంచిన కాండాలకు కింది కొమ్మలను ఏడాదికి కొన్ని చొప్పున తీస్తే తెల్లటి బెరడు బయటపడుతుంది.

8. కాయలు

మూడు నాలుగేళ్లకు ఆడ పొదలు కాపుకొస్తాయి. మే చివర నుంచి వేసవిలో కాయలు ముదురు నీలంగా మారతాయి, పైన బూడిద పూసినట్టు ఉంటుంది. పరిమాణం పావు అంగుళం, లోపల ఒకే గింజ. ఆలివ్ కుటుంబం అన్నాను కదా అని ఊరగాయకు పనికొస్తాయనుకోకండి. కండ చాలా తక్కువ, చేదు. పక్షులకు వదిలేయండి. రాబిన్‌లు, మాకింగ్‌బర్డ్‌లు, ఊరి బయట అయితే బాబ్‌వైట్ కముజులు కూడా వీటికోసం వస్తాయి. పిల్లలకు మాత్రం ఒక నియమం నేర్పండి: పెరట్లో నీలం, నల్లని కాయలేవీ అడగకుండా నోట్లో పెట్టకూడదని. పక్కింటి లిగస్ట్రమ్ కాయ కూడా దూరం నుంచి ఇలాగే ఉంటుంది.

నాలుగో ఏడు దాటినా ఏ పొదకూ కాయ రాకపోతే ఫిబ్రవరిలో పువ్వులు చూడండి. అన్నీ మగవైతే ఒక ఆడ మొక్క, అన్నీ ఆడవైతే ఒక మగ మొక్క తెచ్చి మధ్యలో పెట్టండి. పాతవి తీయాల్సిన పని లేదు. ఒక్కోసారి పూత మీద ఉండగా గట్టి మంచు పడితే ఆ ఏడు కాయ పోతుంది, అది మొక్క తప్పు కాదు.

9. కొత్త మొక్కలు చేయడం

గింజతో చేయాలంటే పండిన కాయల గుజ్జు కడిగేసి, తడి ఇసుకలో కలిపి జిప్ కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచి, ఆ తర్వాత కుండీలో విత్తండి. మొలుస్తాయి, కానీ ఆడదో మగదో తెలియడానికి ఏళ్లు పడుతుంది.

నేల అంటు మేలు. మన కడియం నర్సరీల్లో మల్లెకు తొక్కే అంటే ఇది. ఫిబ్రవరి చివర్లో, చిగురు కదిలే ముందు, కింది కొమ్మ ఒకటి నేలకు వంచండి. నేలను తాకే చోట కణుపు కింద చాకుతో చిన్న గాటు పెట్టి, మూడు అంగుళాల మట్టి కప్పి, కదలకుండా పైన ఇటుక పెట్టండి. కొమ్మ చివర బయటికి ఉండాలి. వేసవంతా ఆ చోట తడి ఆరనివ్వకండి. ఎల్బోబుష్ కొమ్మలు నేలకు తగిలితే వాటంతట అవే వేరు వేస్తాయి కాబట్టి ఇది తప్పిపోవడం అరుదు. నవంబరులో తల్లి మొక్క వైపు కోసి, వేరుతో తీసి, కుండీలో పెట్టండి.

అంటు మొక్క తల్లి ఏదైతే అదే అవుతుంది: ఆడదాని అంటు ఆడది, మగదాని అంటు మగది. అందుకే అంటు తొక్కే ముందే, పూత ఉన్నప్పుడు, ఏ పొద ఏదో చూసి కొమ్మకు రిబ్బన్ కట్టుకోండి. ఆడదానికి ఒక రంగు, మగదానికి ఇంకో రంగు. స్నేహితులకు ఇచ్చేటప్పుడు ఒక్కో ఇంటికి రెండేసి కుండీలు, ఒకటి ఆడది ఒకటి మగది, చీటీ రాసి అంటించి ఇవ్వండి.